సొరంగంలో సొరంగం

రాత్రి రెండుంబావుకి టుమ్మస్ ఫోను.
"మార్యున్, చేపలు కనిపించట్లేదు."
చేపలకేం, ఉన్నచోటే ఉంటాయి,
ఫ్యోర్డు నీళ్లలో, వలల లోపల.
కనిపించనిది తెర మీద.

క్లాక్స్‌విక్‌లో వాన కురవదు, అడ్డంగా కొడుతుంది.
గొర్రెలు కూడా గోడవారకు చేరిన వేళ
నైట్ డ్యూటీ కుర్చీలోంచి
మేత పడవ మీది చిన్న పెట్టెలోకి
తాళాలేసిన వీపీఎన్ దారిన దిగాను.

లాగ్ నిండా ఒకటే వాక్యం,
సెకనుకి పదిసార్లు:
లేని పరికరం మీద అంతులేని చుట్టు,
వెంటనే సరిచెయ్యండి!

చివర ఆ ఆశ్చర్యార్థకం చూసి చెయ్యి ఆగింది.
కెర్నెల్ లాంటి బండరాయి కేకెయ్యడం
ఎప్పుడూ వినలేదు నేను.
ఎవరో, ముఖం తెలియని మనిషి,
ఇలాంటి రాత్రే ఇందులో పడి ఉంటాడు.
కాకపోతే అంత కంగారుగా ఎందుకు రాస్తాడు?

దారుల పట్టిక తీశాను.
కంట్రోల్ రూమ్ వైపు పోయేదంతా సొరంగంలోంచే
అని నిన్న సాయంత్రం ఒక గీత గీసిన మహానుభావురాలు
ఇంకెవరో కాదు.
సొరంగం అవతలి గుమ్మం కూడా ఆ వైపే ఉంది మరి.
గుమ్మం చేరాలంటే సొరంగంలో దూరాలి,
దూరాలంటే గుమ్మం చేరాలి.
తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసినట్టు.

ఆ ఒక్క చిరునామాకీ విడిగా చెప్పాను:
నువ్వు మాత్రం ఇటు పో.
కేక ఆగింది.

"వచ్చాయా?"
"కెమెరాల పేర్లు వచ్చాయి. బొమ్మలు రాలేదు."

పలకరింపులు పోతున్నాయి, బరువున్నవి పోవట్లేదు.
చిన్నప్పుడు మా మామ్మ
స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద వానకోటు తొడిగి పంపితే
బడి బస్సు తలుపులో ఇరుక్కున్నాను.
తొడుగు పెరిగితే లోపలి మనిషి తగ్గాలి.
పదిహేను వందల్లో
రహస్యం ఎనభై పట్టుకుపోయింది,
లోపలి సొరంగం ఇరవై నాలుగు.
పదమూడు వందల తొంభై ఆరు అని కొట్టాను.

ముందు నురగ.
తర్వాత ఒక వెండి పక్క.
తర్వాత లెక్కలేనన్ని సాల్మన్లు,
గుండ్రంగా, గుండ్రంగా, ఒకే దిక్కుకి.
ఆ చుట్టుకి ఎవరూ కేకలెయ్యరు.
"మేత వదుల్తున్నా," అని పెట్టేశాడు టుమ్మస్.
మెచ్చుకోళ్లు అతనికి చేతకావు.

తెల్లారగట్ల ఇంటికి, లెయ్‌ర్విక్ వైపు,
సముద్రం కింద ఆరు కిలోమీటర్ల సొరంగం.
వైపర్లు ఎండు గాజు మీద కీచుమంటున్నాయి, ఆపడం మరిచాను.
సరిగ్గా మధ్యలో, నీళ్లన్నీ నెత్తిమీదున్న చోట,
ఇంకోటి గుర్తొచ్చింది:
దారి చెప్పానే గాని ఫైల్లో రాయలేదు.
పడవ మీద ఒక్కసారి కరెంటు పోయొస్తే
పెట్టె అంతా మరిచిపోతుంది.

ఇక్కడ బండి తిప్పనివ్వరు.
వెనక్కి పోవాలన్నా
ముందు అవతలి గుమ్మం చేరాలి.