ఒక్క అంగుళం తక్కువ

ఆటోనగర్‌లో మధ్యాహ్నం రెండు.
నూకరాజు టైరుని నిలబెట్టి
దూడని బేరం పెట్టినవాడిలా వీపు మీద చరిచాడు.
"ముప్ఫై ఒకటి బాబూ, అంగుళాల్లో.
బురదొస్తే ఇది నిన్నేటీ అడగదు. ఎక్కేస్తాదంతే."

నా బండికి ఇప్పుడున్నవి ఇరవై తొమ్మిది.
అరిగి అరిగి నున్నబడి
లోపలి తీగకి ఒక్క వాన దూరంలో ఉన్నాయి.
పోయిన కార్తీకంలో
డుంబ్రిగూడ దాటాక, ఎర్రమట్టి ఎగువలో
నాలుగు చక్రాలూ తిరిగాయి, బండి కదల్లేదు.
వెనక రెండు డజన్ల పెట్టెలు,
ఒక్కో పెట్టెలో ఒక్కో ఊరు.
ఎదురుగా వలిసె చేలు పసుపు ఆరబోసి పిలుస్తుంటే
నేను చక్రాల కింద రాళ్లు పేరుస్తూ కూర్చున్నాను.
చీకటుండగా దింపాల్సిన తేనెటీగల్ని
ఎండెక్కాక దింపాను.
మూడు పెట్టెలు ఉడికిపోయాయి.
మైనం కరిగి, రెక్కలు రెక్కలకి అంటుకుని...
ఆ వాసన ఇంకా సీటు కిందే ఉంది.

అందుకే వచ్చాను.

"పెద్దదంటే బరువు బాబూ,"
చెప్పకూడని జబ్బు చెప్పే డాక్టరులా
గొంతు తగ్గించాడు నూకరాజు.
"డీజిలు తాగుతాది. స్టీరింగు మొండికేస్తాది.
బ్రేకు కూసింత ఆలీసంగా ఇంటాది.
ఇంకో మాట, మీటరు."
చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ నేల మింగుతుందట,
ఆ సంగతి మీటరుకి ఎవరూ చెప్పరట.
అది పాత లెక్కే రాసుకుంటుంది,
వంద అని చూపిస్తే నువ్వు నూట ఏడు వెళ్లినట్టు.

నవ్వొచ్చింది.
మా గున్నమ్మ పాతికేళ్లుగా అనేదీ అదే:
నువ్వు తిరిగొచ్చిన దూరానికీ
ఇంట్లో చెప్పే దూరానికీ
ఏనాడూ పొంతన ఉండదు.

ఒకటి బిగించి చూద్దామన్నాను.
చక్రం గూటి లోపలంతా
చాక్‌పీసు అరగదీసి తెల్లగా పూశాడు.
కుడికి ఆఖరుదాకా తిప్పమన్నాడు,
ఎడమకి ఆఖరుదాకా.
ఒక దిమ్మ మీదకి ఎక్కించి మళ్లీ తిప్పమన్నాడు.
దిగి చూస్తే
నల్లటి రబ్బరు భుజం మీద
వేలెడు విభూతి రేఖ.
"ఇదుగో, ఇక్కడ రాసుకుంటంది.
లోపలి రేకుని సుత్తితో ఒక్కటిస్తే సరి.
నేదంటే ముప్ఫై తీసుకో, గొడవ్నేదు."

కుర్రాడు ఎర్రయ్య అప్పుడే సుత్తి పట్టుకుని
నా మొహంలోకి చూస్తున్నాడు.
ఉప్పుగాలి తిన్న రేకు అది,
గట్టిగా దగ్గితే రాలేలా ఉంది.
పద్నాలుగేళ్లుగా ఈ ఊరి సముద్రం
కూలి అడక్కుండా, తొందరపడకుండా
నా బండిని విప్పుకుంటూ పోతోంది.
దానికి తోడు సుత్తి కూడానా.

ముప్ఫై, అన్నాను.

ఒక్క అంగుళం ఆశ వదులుకోవడం
అనుకున్నంత కష్టమనిపించలేదు.
కొంచెం చిన్నతనం, అంతే.
పక్క షెడ్డులో కొత్త జీపొకటి
ముప్ఫై మూడేసి అంగుళాల మీద
పీటలెక్కిన పెళ్లికొడుకులా నిక్కి ఉంది.
దాని ఓనరు బీచిరోడ్డు దాటడని
నూకరాజు కన్ను గీటాడు.

డబ్బు నాలుగింటికే వచ్చింది. స్టెప్నీ పాతదే.
"నాలుగు చక్రాల గేరులో దాన్ని ఎయ్యకు బాబూ,
లోపల పళ్లు ఏడుస్తాయి."
సరేనన్నాను. కొండ మీద పంక్చరైతే
ఎవరి పళ్లు ఏడుస్తాయో చూడాలి.

టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు
వేలితో తడుముకున్నాను:
పుట్టిన వారం, పుట్టిన ఏడు.
పదకొండో వారం.
మామిడి పూత పిందెకట్టే రోజులన్నమాట,
నా పెట్టెలు అప్పుడు సబ్బవరం తోటల్లో ఉంటాయి.

రాత్రి షీలానగర్ దాటాక రోడ్డు ఖాళీ అయింది.
యాభై దాటగానే మొదలైంది,
కాళ్ల కింద నుంచి, సన్నగా, ఝుమ్మని.
పాట ఆపేశాను. అద్దం దించాను.

రాణి ఉన్న పెట్టె ఒకలా పలుకుతుంది,
రాణి పోయిన పెట్టె ఇంకొకలా.
చెవి ఆనిస్తే చీకట్లో అయినా చెబుతాను.
ఈ నాలుగూ ఏ గొంతుతో పలుకుతున్నాయో
ఎన్ఏడీ కూడలి దాకా విన్నాను, తేలలేదు.

కార్తీకం రానీ.
ఎర్రమట్టి మీద అడుగుతాను.