మూడో మూల

ఆ రాత్రి రెండో కాంక్రీటు లారీ
సిల్క్‌బోర్డు కూడలిలో గంటా పది నిమిషాలు ఇరుక్కుంది.
పెద్ద కారణమేమీ లేదు. వాన. ఎవరిదో పెళ్లి బస్సు.
డ్రమ్ము తిరుగుతూనే ఉంది, లోపల సిమెంటు
తన పని తాను మొదలెట్టేసింది.

ఆనేకల్ అవతల, మా గుంతలో
మొదటి లారీ పోసిన పొర అప్పటికే బిగుసుకుంది.
దాని మీదే రెండోది పోశాం.
ఒక గోడ అనుకున్నాం. రెండు గోడలవి,
ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి, చుట్టరికం లేకుండా.

మూడో మూలలో కడ్డీలు చిక్కుజడ.
ఓబుళేసు వైబ్రేటరు సూదిని అందులోకి దించుతుండగా
జనరేటరు దగ్గింది, ఆగింది.
డీజిలుకు పోయినవాడు రాలేదు.
ఇనుప చువ్వతో పొడిచాడు ఓబుళేసు తెల్లారిందాకా,
రాగి సంకటి కెలికినట్టు.
కార్డు మీద ‘సంతృప్తికరం’ అని రాసి
సంతకం పెట్టింది నేను.

పలకలు విప్పితే తేనెపట్టు.
తేనె లేదు, ఈగలు లేవు,
కంకర పళ్లన్నీ బయటపెట్టింది.
ఎవరో పలచగా సిమెంటు పాలు పూశారు.
ఆరాక బాగానే కనిపించింది.
మట్టి కప్పేశాం.

ముసురు పట్టాక పరీక్ష.
పొడి మట్టి దెబ్బను కొంత మింగుతుంది,
నీళ్లు తాగిన మట్టి ఉన్నదున్నట్టు అప్పజెబుతుంది.
మందు పాతి, దూరంగా పోయి చెవులు మూసుకున్నాం.
చప్పుడు కన్నా ముందు కాళ్లకు తెలిసింది.

నా కార్డును ఏ అధికారీ అంత శ్రద్ధగా చదవలేదు.
సెకనులో వెయ్యోవంతు చాలింది దానికి:
మంచి గోడలను తడిమి వదిలేసింది,
అతుకు దగ్గర వేలు పెట్టి చీల్చింది,
మూడో మూలకొచ్చి
సిమెంటు పాల వెనక ఏముందో
నేల మీద పరిచింది.

లోపల మనుషుల్లేరు. నమూనా గది.
గోనెసంచుల్లో ఇసుక కూర్చోబెట్టాం, మనిషి బరువుకు సరిగ్గా.
ఒకటి చిరిగింది.
మేం నిచ్చెన దిగేసరికి ఇంకా కారుతోంది.

ఓబుళేసు పైనుంచే అడిగాడు:
“నా మూలేనా, మేడం?”
మన మూల అందామనుకున్నాను.
టార్చి అటూ ఇటూ తిప్పాను.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది: లోపానికి కారణం.
డీజిలు అని రాసి కొట్టేశాను.
వాన అని రాసి కొట్టేశాను.

ఈ సాయంత్రం సిల్క్‌బోర్డులో నా ఆటో పక్కనే
ఒక కాంక్రీటు లారీ. ఎవరి గోడకో.
డ్రమ్ము తిరుగుతోంది.
గడియారం చూశాను.
డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి
వేరుశనగ పొట్టు రాలుస్తున్నాడు,
ఒక్కొక్కటే, తీరిగ్గా.