మూడో అప్పీలు

డులూత్‌లో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
ఫోను స్పీకరులో పెట్టి
సోల్వీ బంగాళదుంపల చెక్కు తీస్తోంది.
నలభై నిమిషాలుగా ఇన్సూరెన్సు వాళ్ళ అదే పియానో.

ఆర్విడ్ రక్తంలోంచి కణాలు తీసి,
వాటికి వేట నేర్పి
తిరిగి ఒంట్లోకి వదులుతారట.
పదకొండు మందికి చేశారు.
ఏడుగురు నడుస్తున్నారు.
మిగతా నలుగురి గురించి ఆమె అడగలేదు.

"ఇంకా ప్రయోగదశే మేడమ్, రుజువులు చాలవు,"
అందొక జలుబు చేసిన గొంతు.

రుజువులా?
ఓడరేవు క్రేను దిగొచ్చి, పేరైనా అడక్కుండా
నా సైకిలు చైను ఎక్కించి పోయినవాణ్ణి
ఏ రుజువు చూసి చేసుకున్నాను?

అనలేదు.
"వేణ్ణీళ్ళలో తేనె కలుపుకు తాగమ్మా," అంది.

అవతల ముక్కు చీదిన చప్పుడు.
"ఒక్క నిమిషం ఉండండి."

మళ్ళీ పియానో.
పక్కగదిలోంచి ఆర్విడ్
దానికి ఈల కలుపుతున్నాడు.