చెంప చెక్క

మూడు రాత్రులుగా క్యాటలాగు దిండు కిందే ఉంది.
కొత్త పీప్ సైటు పద్దెనిమిది వేలు.
వేలు ఆనీ ఆనకముందే తెగే ట్రిగ్గరు ఇరవై రెండు.
రెండు కాళ్ళ స్టాండు, తోలు పట్టీ, మోచేతి మెత్త.
గాలి ఎటు మళ్ళిందో చెప్పే గుడ్డపీలిక కూడా అమ్ముతున్నారు,
మూడొందల యాభై!
మైపాడు దారిలో రొయ్యల గుంటల కట్టల మీద
కాకుల్ని బెదిరించే పీలికలు వేలకు వేలు ఊగుతుంటాయి,
గాలి కబురుకి ఎవరూ దమ్మిడీ అడగరు.

నా దగ్గరున్నది ఆరు వేల నాలుగొందలు.
మేత డిపోలో లెక్కలు రాయగా, చీటీ కట్టగా మిగిలింది.

రైఫిలు మా చిన్నాయనది. పాయింట్ టూ టూ.
దాన్ని నా పేరుకి మార్చుకోడానికి
కలెక్టరాఫీసు మెట్లు ఏడాదిన్నర ఎక్కాను.
కాగితం మారింది కానీ చెక్క మారలేదు.
ఎప్పుడూ వక్కాకు కుక్కి ఉండే ఆయన బుగ్గకి తగ్గట్టు
అరిగిపోయి ఉంది అది.
నా ఎండు దవడ దాని మీద నిలవదు.
ప్రతి గుండుకీ కన్ను ఒక్కో చోట వాలుతుంది,
అద్దె ఇల్లు మారినట్టు.

చెంగల్రాయుడు సారు టీ ఊదుకుంటూ అన్నాడు:
"దీని తూటాకి మందు నడిమిట్లో పెట్టరు మా, అంచులో పెడతారు.
పిన్ను పోయి అంచు మీద కొట్టాల.
నువ్వు నడిమిట్లో ఉండే పది కోసం ఎగబడబాక.
నీ అంచులు చూసుకో.
చెంప యాడ ఆనతా ఉండాదో, ముందు అది చూడు."

ఉదయగిరి బస్సెక్కాను.
ఇనుము ఇంట్లో, బీరువాలో, తాళం వేసి.
ఒళ్ళో పాత దుప్పట్లో చుట్టిన వట్టి చెక్క.
"వీణా?" అన్నాడు కండక్టరు.
అవునన్నాను.
ఆత్మకూరు దాకా ఆయన సంగీతం గురించే మాట్లాడాడు.

ఖాదర్‌బీ వసారా నిండా గరిటెలు,
నర్ది చెక్క పొట్టు, ఆకురాయి చప్పుడు.
దుప్పటి విప్పి, అటూ ఇటూ తిప్పి అడిగింది:
"దీంతో ఏం తింటారు పాపా?"
"తినరు. మొహం ఆనిస్తారు."
"అట్టయితే మొహం ఇట్టా తీసకరా."

చీలికలు వారిన బొటనవేలితో నా చెంప ఎముకను తడిమి
ఏదో లెక్క వేసుకుంది, పైకి చెప్పలేదు.
"కళ్ళు మూసి వాల్చు. మెడ బిగించబాక. ఆ... ఇప్పుడు తెరువు."
సైటు ఉండాల్సిన చోట
జల్లిగరిటె నిలబెట్టి పట్టుకుంది.
చెక్క మరీ కిందికుంది, నాకు కనిపించింది గరిటె కాడే.
అట్టముక్క ఒకటి చెంప కింద దోపింది, ఇంకొకటి,
మూడోది సగానికి చించి.
అప్పుడు, ఒక్క చిల్లులోంచి దుర్గం కొండ,
కొండ మీద కోట గోడ,
గోడ మీద ఓ మేక.

"మేక," అన్నాను తల ఎత్తకుండా.
"సరిపోయింది," అంది.

ఏడొందలు అడిగింది.
"గరిటెల సెట్టు ఎంతో ఇదీ అంతే. తుపాకీ అని జాస్తి అడగను."
చెమ్మచెక్క ఆడే వయసులో పట్టిన బాడిసె అంట,
ఇప్పుడు చెంపచెక్క చేయిస్తివే అని నవ్వింది.

మిగిలిన డబ్బుకి ఒకే లాటు తూటాలు పెట్టెలుగా కొన్నాను.
క్యాటలాగులోంచి ఏమీ తెప్పించలేదు.
కొనాలని లేక కాదు,
ట్రిగ్గరు బొమ్మ ఉన్న పేజీ మడత ఇంకా అలాగే ఉంది.

ఆదివారం పొద్దున, పెన్న వైపు నుంచి అడ్డగాలి.
బోర్లా పడుకుని చెంప ఆనించాను.
చెమటకి నర్ది వాసన లేచింది.
పది గుండ్లలో ఎనిమిది ఒకదాన్నొకటి రాసుకుని పడ్డాయి.
పదిలో కాదు, ఏడులో, ఎడమ పక్కన.
సారు కాగితాన్ని ఎండకెత్తి చాలాసేపు చూశాడు.
"గుంపు కుదిరింది. ఇంక సైటు తిప్పుకోడమే," అని
టీలో పంచదార కలుపుకున్నాడు,
చెంపచెక్క కోయగా మిగిలిన ముక్కతో
ఖాదర్‌బీ చేసిచ్చిన చిట్టి గరిటెతో.