అనిశ్చితి, మీటర్లలో

ముందు మూత తుడవాలి.
సీసా తిప్పి, చీటీని కెమెరా వైపు పెట్టాలి.
పక్కన స్కేలు, రంగుల పట్టీ.
క్లిక్.
ఇవాళ్టికి నూట నలభై రెండోది.

ఫార్మలిన్ వాసన నా టిఫిన్ డబ్బాకీ పట్టింది.
నిన్న మెట్రోలో పక్కనామె
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
రెండు సీట్లు జరిగింది.
ఆమెకేం చెప్పను,
పొద్దుటినుంచీ బొమ్మిడాయిలతో ఉన్నానని,
అవి నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దవని.

కాలేజీ వెనక ఈ గది.
వానొస్తే మూడో బీరువా మీద తార్పాలిన్ కప్పుతాం.
సొరుగుల్లో పిట్టలు వెల్లకిలా పడుకుని ఉంటాయి,
కళ్ళున్న చోట దూది,
కాళ్ళకి దారంతో కట్టిన చీటీలు,
ఆస్పత్రిలో పుట్టిన పిల్లలకి కట్టినట్టు.

ఒక్కో ప్రాణికీ ఇరవై ఆరు గళ్ళు నింపాలి.
పేరు. తేదీ. ఆడ, మగ, తెలియదు.
శాస్త్రీయనామంలో ఒక్క అక్షరం తప్పినా
తెర ఎర్రబడుతుంది.
అది దిద్దుకోవచ్చు.
దొరికిన చోటు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

బట్టమేకపిట్ట ఒక్కటే ఉంది.
చీటీ మీద "నగరానికి ఉత్తరాన, గడ్డిబీడు." అంతే.
ఉత్తరాన ఎక్కడ? ఏ బీడు?
"ఖాళీ మాత్రం వదలొద్దు," అంటుంది నుస్రత్ మేడమ్.
ఎక్కడో ఎవరో ఈ చుక్కలన్నీ కలిపి
ఒకప్పటి గడ్డిని మళ్ళీ గీస్తారట.

ఇక ఈ సీసా. 1968, ఆగస్టు. గుండ్రటి చేతిరాత:
"సరూర్‌నగర్ చెరువు అలుగు కింద,
కల్లు దుకాణానికి తూర్పున, పొద్దుపొడుపు."
అక్షాంశం ఇమ్మంది తెర.
రేఖాంశం ఇమ్మంది.
ఉపగ్రహ పటం తెరిచి వెతికాను.
ఫంక్షన్ హాలు,
రెండు కోచింగ్ సెంటర్లు,
టైర్ల గోడౌన్.
కల్లు దుకాణం ఏ మెట్ల కింద ఉందో!
చివరికి ఫంక్షన్ హాలు వంటింట్లో గుర్తు గుచ్చాను.
పక్క గడి అడిగింది:
అనిశ్చితి ఎంత? మీటర్లలో.
ఎనిమిది వందలు, అని కొట్టాను.
ఎనిమిది వందల మీటర్ల మేర నాకు తెలియదు.
తెలియనిదాన్ని కొలిచి చెప్పమని
ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు నన్ను.

"సేకరించినవారు" గడిలో
చీటీ మీది ప్రొఫెసర్ పేరు ఎక్కిస్తుంటే
జంగయ్య టీ గ్లాసు పెట్టి వంగి చూశాడు.
రిటైరైనా తాళాల గుర్తు కోసం మళ్ళీ పిలిపించారు ఆయన్ని.
చదువు రాదు. సీసాని గుర్తుపట్టాడు.
"గీ సారు గట్టు మీద గొడుగు వట్టుకొని నిలవడ్డడు బిడ్డా.
మెడలోతు దిగింది మా నాయిన.
నేను ఎనిమిదేండ్ల పోరణ్ణి, సద్ది మోసుకపోయిన.
గీ పాపెర ఆయన బొటనేలు గీరి నెత్తురు దీసింది."

స్థానిక నామం గడి ఖాళీగా ఉంది.
పాపెర, అని నింపాను.
పేరేంటి మీ నాయనది?
"పెంటయ్య."
సేకర్తల జాబితాలో లేదంది తెర.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేదంది.
అడుగున "ఇతర వివరాలు" గడి ఉంది, ఎవరూ చదవనిది.
అక్కడ రాశాను:
నీళ్ళలో దిగినవాడు పెంటయ్య.

జంగయ్య పటం వైపే చూస్తున్నాడు.
"ఫంక్షన్ హాల్ల గాదు," అన్నాడు,
"అది అప్పుడు రాళ్ళగుట్ట."
వేలు తెర మీద ఆనించి
నెమ్మదిగా జరిపాడు, బురదలో కాలు వెతుక్కున్నట్టు.
టైర్ల గోడౌన్ గోడ దాటి
ఇంకొంచెం.
"ఈడ."

ఎనిమిది వందలు కొట్టేశాను.
ముప్పై.

టీ చల్లారిపోయింది.
తెర మీద ఆయన వేలిముద్ర ఉండిపోయింది,
తుడవబుద్ధి కాలేదు.
దాని వెనకనుంచే చదువుతున్నాను
తర్వాతి చీటీ. కప్ప. చోటు: "దారిలో."