నూగు దిక్కు

జిందబైన్‌లో ఆగస్టు.
మనవైపు శ్రావణం ముసురు పట్టి ఉంటుంది,
ఇక్కడ మోకాలి లోతు మంచు.
సరస్సు ఒడ్డున స్కీల దుకాణం,
లోపల తడి ఉన్ని వాసన, కరిగిన మైనం వాసన.

"కొండెక్కే స్కిన్స్ కావాలి" అన్నాను,
పాఠం అప్పజెప్పినట్టు.
"ఎక్కడానికొక్కటేనా, చదునులో జారడానికి కూడానా?"
అంది మెరిన్, కళ్లద్దాల మీంచి.
నాకేం తెలుసు?
నిన్నటిదాకా లిఫ్టు కుర్చీలో
కాళ్లాడిస్తూ కొండెక్కినదాన్ని.

బల్ల మీద మూడు పరిచింది.

నైలాన్‌ది మొండిఘటం.
రాయి గీరినా, ఐసు కొరికినా ఓర్చుకుంటుందట,
కానీ అడుగడుగుకీ కాలు ఈడ్చాలి.
మోహేర్, అంగోరా మేక వెంట్రుక,
నేతి మీద వేలులా ముందుకు పోతుంది.
త్వరగా అరుగుతుంది. నిటారు ఐసు మీద దాన్ని నమ్మలేం.
ధర చీటీ ఒకసారి తిరగేసి చూసి
మళ్లీ బోర్లించేశాను.
మూడోది రెండూ కలిపి నేసింది.

"కళ్లు మూసుకుని చెయ్యి వెయ్యి."

ముందుకు నిమిరితే పిల్లి వీపు.
వెనక్కి నిమిరితే
రెండ్రోజుల గడ్డం.

చీరాలలో సరసమ్మత్త కుట్టు మిషను గుర్తొచ్చింది.
"మఖమల్ కత్తిరించే ముందు నూగు దిక్కు చూడవే,
ఒక ముక్క పైకీ ఒక ముక్క కిందికీ కోశావంటే
ఒకే గుడ్డ రెండు రంగులు పలుకుతుంది."
చూడలేదు నేను.
నాటకం రాజుగారి కోటుకి
ఎడమ చెయ్యి వెన్నెల, కుడి చెయ్యి అమావాస్య.
తెల్లవార్లూ ఆ రాజు
ఒకవైపు నీడలోనే నిలబడి పద్యాలు పాడాడు.

"ఇక్కడి మంచు పగలు చెమ్మ, రాత్రి గాజు.
మొదటి ఏడు ఎవరికీ తొందరుండదు.
కలనేత తీసుకో.
మైనం కూడా తీసుకో."
కలనేత తీసుకున్నాను.
మైనం తర్వాత చూద్దామనుకున్నాను.

వంటింటి నేల మీద స్కీని వెల్లకిలా పడుకోబెట్టి
జిగురు వైపు అంటించాను.
జిగురు ముందు నా స్వెట్టర్ని పట్టుకుంది,
తర్వాత తివాచీని, ఆఖరికి స్కీని.
స్కీకి నడుముంటుందని అప్పుడే చూశాను:
కొసల్లో వెడల్పు, మధ్యలో సన్నం.
ఇనుప అంచు రెండు పక్కలా
వెంట్రుకవాసి బయట ఉండాలి, మంచుని కొరకడానికి.
కత్తి పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టాను.
ఈసారి నూగు దిక్కు మూడుసార్లు చూశాను.

ఆదివారం గుథేగా పైన
మంచు యూకలిప్టస్‌ల మధ్య తొలి ఏటవాలు.
కాలు ముందుకు తోస్తే సర్రుమంది.
బరువు మోపగానే వెనక్కి జారబోయి,
ఎవరో కొంగు పట్టుకున్నట్టు
ఆగింది.
ఇంకో అడుగు.
మళ్లీ ఆ కొంగు.

మధ్యాహ్నానికి అడుగున మంచు ముద్దలు కట్టి
పెళ్లికి ఎత్తుమడమల చెప్పులేసుకొచ్చినదానిలా నడిచాను.
మైనం మెరిన్ దుకాణంలోనే ఉంది.

పైకెక్కాక చర్రున ఒలిచి,
జిగురుకి జిగురు మడిచి
కోటు లోపల పొట్టకి ఆనించుకున్నాను, గడ్డకట్టకుండా.
దిగుతూ నాలుగుసార్లు పడ్డాను. ఐదోసారి పడ్డం కాదు,
కూర్చున్నాను.

కత్తిరించగా మిగిలిన పేలిక ఒకటి
నర్సు యూనిఫాం జేబులో ఉండిపోయింది.
కూమా ఆసుపత్రిలో రాత్రి మూడు గంటలకి
బొటనవేలితో దాన్నే నిమురుతున్నాను, ముందుకీ వెనక్కీ.
తొమ్మిదో నంబరు మంచం, క్లారీ,
నలభై ఏళ్లు గొర్రెల బొచ్చు కత్తిరించినవాడు,
నిద్ర రాక చెయ్యి చాచాడు.
కళ్లు మూసుకుని నిమిరాడు.
తిప్పి, ఎదురు నిమిరాడు.

"మేకా?"

"సగం."