లెక్కల కొండ

ఇంకా తెల్లారలేదు.
మంచు కాదు, నల్లసముద్రమే లేచి కొండెక్కినట్టుంది.
పాడుబడ్డ తేయాకు పొదల మధ్య కాలిబాట
తెలిసిన కాళ్లకే దొరుకుతోంది.
భుజాన టెలిస్కోపు,
అరచేతిలో నొక్కితే ఒకటి పెరిగే లెక్కయంత్రం:
సున్నా సున్నా సున్నా సున్నా.

పైన బల్ల మీద ఫెమ్కె అప్పటికే కూర్చునుంది,
డచ్చి పిల్ల, రెండు స్వెట్టర్లు, పైన నా రెయిన్‌కోటు.
"ఉత్తరం నాది, దక్షిణం నీది" అంది.
ఉత్తరమూ లేదు, దక్షిణమూ లేదు.
ఫ్లాస్కులో కాఫీ ఉంది, అంతే.

ఇదే కొండ మీద
జ్వరమని బడి ఎగ్గొట్టి నేను కర్ర పట్టుకుని కూర్చునేదాన్ని.
కర్ర చివర కసాయిపిట్ట.
వచ్చేది చూసి బెదరకుండా
దాని కళ్లకి గోరంత తోలు గంతలు.
ఆకుల గుడిసెలోంచి జుంబెర్ మామ గుసగుస: "ఆడించు."
ఆడించేదాన్ని. రెక్కలు టపటపమనేవి.
పైనుంచి డేగ రాయిలా వచ్చి వలలో పడేది.
దాన్ని చేతిమీద మోస్తూ మామ
టీ కొట్టుకీ పెళ్లికీ చావుకీ తిరిగేవాడు.
మొక్కజొన్న చేలల్లో పూరేళ్లు పట్టించేవాడు.
చలి ముదిరాక కాలిదారం కోసి
"పో, నీవాళ్లు టర్కీ దాటేసుంటారు" అనేవాడు.
అమ్మ పూరేళ్లని జాడీలో ఉప్పేసేది.
అప్పుడు ఎవరూ ఆకాశాన్ని లెక్కపెట్టలేదు,
జాడీనే.

ఎనిమిదింటికి ఎవరో దగ్గుతూ ఎక్కుతున్నారు.
ఆ దగ్గు మామదే.
రెండు కళ్లలోనూ శుక్లాలు.
బటూమి డాక్టరు మూడుసార్లు తేదీ ఇచ్చాడు,
మామ మూడుసార్లు మరిచాడు.
ఎడమచేతికి ఇంకా ఆ తోలు తొడుగు.
చలికి, అంటాడు.
జేబులోంచి నలిగిన అత్తిపండు తీసి ఫెమ్కెకిచ్చి
"ఎన్ని?" అన్నాడు.
"మంచు, మామా."
"మంచు సంగతి నాకు చెప్తావా? ఎన్ని?"

అంతలో తొడుగు చెయ్యి పైకి లేచింది.
"అదుగో."
ఏమీ లేదు. తెల్లటి ఏమీలేకపోవడం.
"వానకోవెలల్ని విను."
మా నెత్తిన గోలగా తిరుగుతున్నవి
ఒక్కసారిగా ముద్దకట్టి కీచుమన్నాయి.
కింద త్సియాలా పెరట్లో కోళ్లు నోరు మూశాయి.
"డేగ. ఆడది. కిందగా పోతోంది."
నా బొటనవేలు దానంతటదే నొక్కింది.

"చూశావా?" ఫెమ్కె.
"లేదు."
చూడనిది లేనట్టే, అది మా ఇద్దరి ఒప్పందం.
యంత్రానికి వెనక్కి రావడం తెలీదు,
మర తిప్పి మళ్లీ సున్నా చెయ్యాలి.
తిప్పబోతుండగా గాలి మారింది.

మంచు ఒకచోట చిరిగింది.
ముందు సముద్రం పీలిక, తర్వాత ఊరి మేడలు,
తర్వాత తేనెగద్దలు.
కవ్వం కింద మజ్జిగలా సుడి తిరిగి తిరిగి
అంచుదాకా తేలి
ఒక్కొక్కటే దక్షిణానికి జారుతున్నాయి.
ఒక సుడి ఖాళీ కాకముందే ఇంకోటి.
మెడ నొప్పి, కళ్లల్లో నీళ్లు,
ఆగని బొటనవేలు.

మామ వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు.
యంత్రం చప్పుడు వింటున్నాడు,
రేకుల మీద వడగళ్లని విన్నట్టు.
"సన్నగిల్లింది" అంటాడు నేను ఆగితే.
"ఆఁ, ఇప్పుడు మంద."
నా వేలిలోంచి ఆకాశం చూస్తున్నాడు.

దిగువ గట్టు నుంచి తుపాకీ.
వరసలో ఒకటి గుడ్డపేలికలా ముడుచుకుపోయింది.
ఫెమ్కె వేరే గడిలో గీత గీసింది.
"ఆమిరాన్ కొడుకు" అన్నాడు మామ.
కాసేపాగి, ఎవరితోనో:
"మేం వదిలేసేవాళ్లం."
"ఏమంటున్నాడు?"
"చలిగా ఉందంటున్నాడు" అన్నాను.

మధ్యాహ్నానికి యంత్రంలో
నాలుగువేల ఎనిమిది వందల అరవై రెండు.
ఫెమ్కె పుస్తకంలో అరవై ఒకటి రాసి
నా వైపు చూసింది. తలూపాను.

దిగుతుంటే నా భుజం మీద మామ తొడుగు చెయ్యి,
బరువు తెలిసీ తెలియకుండా.
"మొదటిది ఆడదని రాశావా?"

ఇక్కడ జారుతుంది, మామా,
గట్టిగా పట్టుకో.